బతుకమ్మకు పుట్టినిల్లు

కళాఖండమును విమర్శించువారు రూపమును, వర్ణమును, పరిమాణమును చూతురు. దాని సామగ్రి యెచ్చట పుట్టినదో విచారించువారు అరుదు. బతుకమ్మ విషయమున ఈ లోపము స్పష్టముగా కానవచ్చుచున్నది. 2014 లో తెలంగాణ ప్రభుత్వము దీనిని రాష్ట్రపు పండుగగా ప్రకటించెను. 2025 లో సరూర్‌నగరు క్రీడాంగణమున 63 అడుగుల బతుకమ్మను నిలిపి ప్రపంచ రికార్డు సాధించిరి. సంతోషమే. కాని యెత్తు కళకు కొలబద్ద యగునా?

బతుకమ్మకు ప్రాణము గునుగు, తంగేడు. గునుగు వానలు పడగానే చేలలో, బీళ్లలో తనంత మొలచును. రైతు దానిని కలుపని పెరికివైచును. అతని యింటి ఆడుబిడ్డ దానినే పువ్వని కోసికొని వచ్చును. లేతనాడు గులాబివన్నెగల కంకి ముదిరినకొలది వెండివలె తెల్లబడును. పిదప నల్లని చిన్న విత్తులను రాల్చి యెండిపోవును. తంగేడు రాతినేలయందు సైతము వేరూని, యెండకోర్చి, పసుపుపూవులు పూయును. కావున బతుకమ్మ భాద్రపద అమావాస్యనాడు తాంబాళముపై మొదలగుట లేదు. తొలకరినాడే బీడులో మొదలగుచున్నది. సద్దులనాడు చెరువులో ముగియుటయు లేదు; నేలరాలిన విత్తులో మరుసటి యేటికై నిలిచియుండును.

హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆగ్నెస్ డెనెస్ అను కళాకారిణి 1982 లో న్యూయార్కు నగరమున రెండెకరముల పూడికనేలపై గోధుమలు విత్తి, పండించి, కోయించి, ఆ చేనినే కళాఖండముగా చూపెను. అచ్చట గోధుమచేను కళ యైనప్పుడు, ఇచ్చట గునుగుబీడు వట్టి కలుపెట్లగును?

ఉప్పలు, నాచారము ఒకప్పుడు పల్లెలు. నేడచ్చట కర్మాగారములును, అంతస్తుల యిండ్లును నిండియున్నవి. ఉప్పలు నల్లచెరువు, నాచారము పెద్దచెరువు మిగిలియున్నను, పూలబీళ్లు కరవైనవి. గృహిణులు బజారున గునుగుకట్టలు కొనవలసివచ్చుచున్నది. పువ్వును రంగునీట ముంచుట పాత యాచారమే, దానిని దూషింపను. కాని ముంచకమునుపటి వెండివన్నెను పొలమున చూడని బాలికకు ఆ కళలో సగము తెలియనట్లే.

దీనికి గొప్ప ధనవ్యయము అక్కరలేదు. చెరువుగట్ల అంచులను, పాఠశాలల ఆవరణములలో ఒక్కొక్క మూలను గునుగునకు, తంగేటికి విడిచిన చాలును. వేసవిలో ఆ నేల మోడువారి వికారముగా కనబడును. అది చూచి సిగ్గుపడి చదును చేయింపరాదు. రాబోవు పండుగ ఆ మట్టిలోనే యున్నది. పుట్టినింటిని అమ్ముకొని ఆడుబిడ్డను పండుగకు పిలుచుట మర్యాద కాదు.