పేపరు తారీఖులు, పల్లె చరిత్ర

పాతబస్తీలో ఉండేటోళ్లకు తెలుగు పత్రికల సంగతి విడిగా చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో మా గల్లీలు వాటికి కనబడవు. 1990 డిసెంబరులో లాగ నెత్తురు పారితే మాత్రం గల్లీ పేరు పోయి ‘ఉద్రిక్త ప్రాంతం’ అవుతది. ఈ అనుభవంతోనే నేను కోస్తా దళితుల గురించి జిల్లా పేజీలు చదువుతున్నాను. చూపు అక్కడా ఇదే.

‘ఈనాడు’ 1974లో విశాఖపట్నంలో మొదలైంది. 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చింది. తక్కిన పత్రికలు అదే దారి పట్టినయి. ఊరి వార్త పేపరెక్కింది, నిజమే. కానీ ఏ ఊరు? రామాలయం ఉన్న ఊరా, దానికి దూరంగా ఉన్న మాలపల్లె, మాదిగగూడెమా? మండలంలో వార్త రాసే కంట్రిబ్యూటరే ప్రకటనలు కూడా తేవాలె. ప్రకటన ఇచ్చేది రైసుమిల్లు ఆసామి, ఎరువుల దుకాణందారు. వాళ్ల దగ్గర పనిచేసే పాలేరు కూలి తగాదా ఆ పేజీలోకి ఎట్లొస్తది? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెతికి, దొరకలేదని రాసిండు. రాజధానిలోనే అట్లుంటే మండల కేంద్రం సంగతి చెప్పాలా?

పేపరు లెక్కలో కారంచేడు 1985 జూలై 17న పుట్టింది. ఆరుగురు మాదిగలను చంపిన రోజు అది. మంచినీళ్ల చెరువు దగ్గర కుడితి బకెట్లు కడగొద్దని అడ్డం చెప్పడం ‘తక్షణ కారణం’గా మిగిలిపోయింది. ఆ నీళ్ల మీద, ఆ పొలాల కూలి మీద తరాలుగా నడిచిన పెత్తనం కారణాల్లోకి రాలేదు. తర్వాత జరిగింది అంతకంటె పెద్ద సంగతి. బాధితులు చీరాల చేరి, మళ్లీ ఆ ఊరు పోమన్నరు. విజయనగర్ కాలనీ కట్టుకున్నరు. ఆ కదలికలోంచే దళిత మహాసభ వచ్చింది. ‘పోం’ అనడం ఒకరోజు సంఘటన కాదు, అది రోజూ నిలబెట్టుకోవాల్సిన నిర్ణయం. సంఘటనల పేజీలో దానికి కాలమ్ ఎక్కడిది?

చుండూరూ అంతే. 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. కానీ శవాలను ఊరి నడుమ పూడ్చి ఆ జాగాకు రక్తక్షేత్రం అని పేరు పెట్టింది, విచారణ తమ ఊర్లోనే జరగాలని పట్టుబట్టి కోర్టును అక్కడికి రప్పించింది దళితులే. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఈ 23 ఏళ్లలో సాక్షులు ఎట్ల నిలబడ్డరో అదే గద చరిత్ర!

అగ్రకుల పత్రికలను తిట్టి ఊరుకుంటే సరిపోదు. మనమూ అదే క్యాలెండరు వాడుతున్నాం. మన సిద్ధాంత వ్యాసాల్లో అధ్యాయాల పేర్లు చూడండి: కారంచేడు, చుండూరు. కోస్తా దళితులు 1985లోనే పుట్టినట్టు! 1917లో బెజవాడలో పంచమ మహాజన సభకు మన హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడుగా పోయిండు. ‘పంచములు’ అన్న పేరే కాదని ఆ సభ ‘ఆది ఆంధ్ర’ అయ్యింది. 1931లో ఆయన ఇక్కడ ‘భాగ్యనగర్’ పత్రిక పెట్టిండు. రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ‘జయభేరి’ నడిపిండు. వాళ్లు తమ గురించి రాసుకోవడానికి హత్యల దాకా ఆగలేదు.

పేపరు ఫైళ్లు పారెయ్యమని నేననను. వాటిని సాక్షిని అడిగినట్టు అడ్డప్రశ్నలు వేసి చదవాలె. ఎవరు రాసిండ్రు, ఎవరి ప్రకటన పక్కన రాసిండ్రు, ‘ఘర్షణ’ అన్నచోట కొట్టింది ఎవరు? విజయనగర్ కాలనీకి పోయే విద్యార్థి జూలై 17 గురించి మాత్రమే అడగొద్దు. జూలై 18న పొయ్యి ఎక్కడ వెలిగించిండ్రని అడగాలె. చంపినోళ్లు పెట్టిన తారీఖు దగ్గర మన చరిత్ర మొదలుపెట్టడం ఇకనైనా మానుకుందాం.