లోతున్న ఇల్లు

పరీక్షలు అయిపోగానే పిల్లలు అడిగే కోరికల్లో ఈమధ్య హామ్‌స్టర్ కూడా చేరింది. మా అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ అమ్మాయి మొన్న వచ్చి, "ఆంటీ, నాన్న ఒప్పుకున్నారు. రేపే కొంటాం. కేజ్ ఏది తీసుకోవాలో మీరు చెప్పండి" అంది. మా ఇంట్లో బెల్లం అనే హామ్‌స్టర్ ఉందని చుట్టుపక్కల అందరికీ తెలుసు. "రేపు వద్దమ్మా. ముందు దానికి ఇల్లు సిద్ధం చేయండి. ఎండలు తగ్గాక తెచ్చుకుందురు గాని" అన్నాను. పిల్ల ముఖం చిన్నబోయింది. అయినా ఈ విషయంలో నేను మెత్తబడను. ప్రాణిని తెచ్చాక బోను వెతకడం మొదలుపెడితే, ఆ పూట దుకాణంలో ఏది ఉంటే అదే ఇంటికొస్తుంది. రెండు మూడేళ్లే దాని ఆయుష్షు. అదంతా ఆ బోనులోనే తెల్లారిపోతుంది.

దుకాణాల్లో వేలాడే హామ్‌స్టర్ కేజ్‌లను చూసే ఉంటారు. అడుగున్నర పొడవు, గులాబీ రంగు ప్లాస్టిక్ పళ్లెం, చుట్టూ తీగలు, లోపల చిన్న మేడ, జారుడుబల్ల, ఒక మూల అరచేతంత చక్రం. పిల్లలకు అది బొమ్మరిల్లులా ముచ్చటగా కనిపిస్తుంది. అందులో ఉండబోయే ప్రాణికి ముఖ్యంగా కావలసినవి రెండు: పరుగెత్తడానికి నేల, తవ్వుకోవడానికి లోతు. ఆ రెండూ అందులో లేవు. పళ్లెంలో పట్టే పొట్టు రెండంగుళాలు. పై అంతస్తుల వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. చూపు అంతంతమాత్రం, ఎత్తు అంచనా తెలియదు, పైనుంచి పడితే కాళ్లు విరుగుతాయి.

సిరియన్ హామ్‌స్టర్ ఎక్కడ దొరికిందో తెలిస్తే, లోతు కోసం నేనెందుకింత పట్టుబడతానో అర్థమవుతుంది. 1930లో జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయానికి చెందిన జంతుశాస్త్రవేత్త ఇజ్రాయెల్ అహరోని సిరియాలో అలెప్పో దగ్గర ఒక గోధుమ చేను తవ్వించాడు. ఎనిమిది అడుగులు తవ్వాక ఒక తల్లి, పదకొండు పిల్లలు బయటపడ్డాయి. వాటిని తెప్పించమన్నది సాల్ అడ్లర్ అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త. కాలా అజార్ కుటుంబానికి చెందిన జబ్బుల మీద ఆయన పరిశోధన చేస్తున్నాడు. అప్పటిదాకా వాడిన చైనా హామ్‌స్టర్లు బోనులో పిల్లల్ని పెట్టలేదు. అలెప్పో నుంచి తెచ్చినవాటిలో కొన్ని చనిపోయాయి, కొన్ని తప్పించుకున్నాయి, మిగిలిన తోబుట్టువులకే సంతానం కలిగింది. ఇవాళ ప్రపంచమంతటా ఇళ్లలో, ప్రయోగశాలల్లో ఉన్న సిరియన్ హామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కాన్పు వంశమే. వాటి సొంత నేల మీద మాత్రం అవి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరాయి. అక్కడి రైతుకు అవి పంట తినే పురుగుతో సమానం.

ఆ పొలాల్లో తర్వాత కొలతలు తీసినవాళ్లకు బొరియలు సగటున అరవై అయిదు సెంటీమీటర్ల లోతున కనిపించాయి. కొన్ని మీటరు దాటాయి. ఒక బొరియలో పెద్దది ఒక్కటే ఉంటుంది. ఇన్ని తరాలు బోనుల్లో పుట్టి పెరిగినా ఈ రెండు గుణాలూ వాటిని వదల్లేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగం నాకు బాగా గుర్తుండిపోయింది. వాళ్లు కొన్ని హామ్‌స్టర్లకు పది సెంటీమీటర్ల పొట్టు వేశారు, కొన్నింటికి నలభై, కొన్నింటికి ఎనభై. పది సెంటీమీటర్లవి తీగలు కొరకడం మిగతావాటికంటే బాగా ఎక్కువ. ఎనభై సెంటీమీటర్ల పొట్టులో ఉన్నవి అసలు కొరకనే లేదు. ఆ మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయంవాళ్లు నేల వైశాల్యాన్ని మార్చి చూస్తే, ఇరుకు బోనుల్లో కొరుకుడు ఎక్కువసేపు సాగింది.

తీగ కొరకడం గురించి మన ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "పళ్లు అరగదీసుకుంటోందండీ." ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, నిజమే. వాటిని అరగదీసుకోవడానికి చెక్క ముక్క చాలు. రాత్రంతా ఒకే మూల తీగను పట్టుకుని కొరికే హామ్‌స్టర్ అందులోంచి బయటపడాలని చూస్తోంది. ఆ చప్పుడును మనం ఆటగా వింటున్నామంటే నాకు కష్టంగా ఉంటుంది.

నేను బెల్లం కోసం పెంపుడు జంతువుల దుకాణానికి వెళ్లలేదు. చేపల తొట్లు చేసే దుకాణానికి వెళ్లాను. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చెప్పాను. ఆ తొట్లు చేసే అబ్బాయి, "మూత కూడా గ్లాసే వేద్దామా అక్కా?" అన్నాడు. "వద్దయ్యా, జాలీ కావాలి, గాలి ఆడాలి. ఇందులో నీళ్లు పోయం" అన్నాను. విషయం తెలిశాక, పైన అడ్డంగా ఉండే గ్లాసు పట్టీలు మూతకు అడ్డం రాకుండా అతనే ఉపాయం చెప్పాడు. జర్మనీలో జంతు సంక్షేమం కోసం పనిచేసే పశువైద్యుల సంఘం కనీసం వంద సెంటీమీటర్ల పొడవు, యాభై వెడల్పు, యాభై ఎత్తు ఉండాలంటుంది. నా దృష్టిలో అది మొదటి మెట్టు. చోటుంటే ఇంకా పెంచండి. గ్లాసు బరువనుకుంటే వడ్రంగి చేత ప్లైవుడ్ పెట్టె చేయించి ముందువైపు అద్దం పెట్టించుకోవచ్చు. పాత పుస్తకాల బీరువాను పడుకోబెట్టి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. మరగుజ్జు జాతులవి చిన్న ప్రాణాలు కదా అని చిన్న పెట్టె చాలనుకోకండి. వాటిలో రోబొరోవ్‌స్కీ ఇరవై గ్రాములు తూగుతుంది గాని పరుగులో సిరియన్‌కు తీసిపోదు.

లోపల సగం నేలకు కాగితపు పరుపు అడుగు మందాన నింపి, మధ్య మధ్య ఎండుగడ్డి పొరలు వేసి అదిమాను. అదమకపోతే సొరంగం నిలబడదు. రంపపు పొట్టు వాడొద్దు. దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మెత్తటి దూది అంతకంటే ప్రమాదం, పోగులు కాళ్లకు చుట్టుకుంటాయి, మింగితే లోపల అడ్డుపడతాయి. మిగతా సగంలో పరుపు తక్కువ. అక్కడ ఒక చెక్క బల్ల మీద చక్రం, పక్కన జల్లించి ఎండబెట్టిన ఇసుక ఉన్న గిన్నె. ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి అది ఇసుకలో పొర్లుతుంది, నీళ్లతో స్నానం చేయించకూడదు. సిరియన్‌కు చక్రం వ్యాసం ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు ఉండాలి, పరుగు బాట కడ్డీలతో కాక సాఫీగా ఉండాలి. బోనుతోపాటు వచ్చే చిన్న చక్రంలో వెన్ను విల్లులా వంగిపోతుంది. రాత్రికి కిలోమీటర్లకొద్దీ పరుగెత్తే ప్రాణి అది. ఆ వంగిన వెన్నుతో అంతదూరం పరుగెత్తడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

ఇక ఎండలు. మన రెండు రాష్ట్రాల్లో హామ్‌స్టర్ పెంచాలనుకునేవాళ్లు బోనుకంటే ముందు ఆలోచించాల్సింది ఇదేనేమో. దానికి హాయిగా ఉండేది ఇరవై నుంచి ఇరవై నాలుగు డిగ్రీల మధ్య. ముప్పై దాటితే ప్రమాదం. విజయవాడలోనో రామగుండంలోనో మేలో గది లోపలే ఎంత ఉంటుందో మనకు తెలుసు. ఫ్యాన్ వేశాం కదా అంటారు. ఫ్యాన్ గాలికి మన చెమట ఆరి ఒళ్లు చల్లబడుతుంది. హామ్‌స్టర్‌కు చెమటే పట్టదు, ఆ గాలి దానికి పనికిరాదు. కూలర్ గదిలో తేమ పెంచుతుంది, పరుపు ముక్కి బూజు పడుతుంది. మే నెలంతా మా ఇంట్లో ఒక గదిలో పగలూ రాత్రీ ఏసీ బెల్లం కోసమే నడుస్తుంది. కరెంటు పోయినప్పటి కోసం ఫ్రీజర్‌లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచుతాను. తువ్వాలు చుట్టి తొట్టి గోడకు ఆనిస్తే లోపల ఆ మూల చల్లబడుతుంది. తొట్టిలో ఒక కడప బండ ముక్క, పక్కకు పడుకోబెట్టిన మట్టి కుండ ఎప్పుడూ ఉంటాయి. మధ్యాహ్నాలు అది ఆ బండ మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. ఇవన్నీ ఏసీకి తోడు మాత్రమే, బదులు కావు. బాల్కనీలో, కిటికీ ఎండలో గ్లాసు తొట్టి పెట్టడమంటే దాన్ని ఉడికించడమే. ఇంట్లో చల్లటి గది లేకపోతే ఆ కోరిక మానుకోవాలి. ఈ మాట నేను మొహమాటం లేకుండా అందరికీ చెబుతాను.

ఎక్కడ తెచ్చుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. 2018లో వచ్చిన నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే దుకాణం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర నమోదై ఉండాలి. ధ్రువపత్రం చూపించమని అడగండి, మీకా హక్కుంది. ఒకే డబ్బాలో పదీ పన్నెండు కుక్కి ఉంటే, కళ్లు పుసులు కట్టి ఉంటే, తోక దగ్గర తడిగా ఉంటే అక్కడ కొనొద్దు. జాలిపడి కొన్నా ఆ ఖాళీలోకి మరొకటి వచ్చి చేరుతుంది. ఆడా మగా కలిపి ఉంచిన చోట కొన్న ఆడది అప్పటికే చూలుతో ఉండొచ్చు. సిరియన్‌కు గర్భం పదహారు రోజులే, ఒక్క కాన్పుకు ఎనిమిది పది పిల్లలు. ఊరు మారుతూ పెంచలేక ఇచ్చేసేవాళ్ల దగ్గర తీసుకోవడం నాకిష్టం. బెల్లం అలా వచ్చిందే. "తోడు లేక బెంగపెట్టుకుంటుందేమో" అని జంటగా తేవద్దు. ఎదిగిన సిరియన్లను కలిపి ఉంచితే రక్తాలు కారేలా కొట్టుకుంటాయి.

తిండికి మన వంటింట్లో లోటు లేదు. కొర్రలు, సజ్జలు, జొన్నలు, కాసిని గుమ్మడి గింజలు, వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించిన గుడ్డు ముక్క, కీర. ఉల్లి, వెల్లుల్లి, పుల్లటి పండ్లు వద్దు.

మళ్లీ బోను విషయానికొస్తే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో పదకొండో సెక్షన్ ఉంది. కదలడానికి తగినంత పొడవు, వెడల్పు, ఎత్తు లేని బోనులో ఏ జంతువును ఉంచినా అది హింసేనని అందులో స్పష్టంగా రాశారు. అయినా ఆ అడుగున్నర బోనులు బజారులో నిక్షేపంగా అమ్ముడవుతున్నాయి. అవి కొనకుండా మన పెట్టె మనం చేయించుకుంటూ పోతే దుకాణదారులు కూడా మారతారని నా నమ్మకం. అడిగేవాళ్లు పెరిగాకే కదా మా వీధి దుకాణంలో కాగితపు పరుపు దొరకడం మొదలైంది.

తెచ్చుకునేముందు ఇంకొక్క పని చేయండి. మీ ఊళ్లో కుక్కలూ ఆవులే కాక ఇలాంటి చిన్న ప్రాణుల్ని కూడా చూసే పశువైద్యులెవరో ఫోన్ చేసి కనుక్కోండి. కొత్తగా తల్లిని విడిచి, ప్రయాణంతో బెదిరిన పిల్లలకు వెట్ టెయిల్ అనే విరేచనాల జబ్బు వస్తుంది. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం తీస్తుంది, అప్పుడు వెతుక్కుంటూ తిరిగే వ్యవధి ఉండదు. అలాంటి వైద్యులు అందుబాటులో లేకపోతే, ఇల్లు ఎంత బాగా కట్టినా, హామ్‌స్టర్‌ను తెచ్చుకోవద్దనే నేను చెబుతాను.