కాలిన చుట్టను చదివే మేస్త్రీలు

హైదరాబాదు గేటెడ్ కమ్యూనిటీల్లో చాలాచోట్ల ఈతకొలనును నడిపేది గోడకు బిగించిన కంట్రోల్ ప్యానెలే. పంపు ఎప్పుడు తిరగాలో, నీళ్లు ఏ పైపులోకి మళ్లాలో అదే చూసుకుంటుంది. అందులోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను 24కు దించి రిలేలకూ, వాల్వులు తిప్పే మోటార్లకూ ఇస్తుంది. అది కాలితే ప్యానెల్ మొత్తం మూగబోతుంది. ప్యానెలే మార్చేయాలనే మాట వెంటనే వినిపిస్తుంది. వైండింగ్ మేస్త్రీ మాత్రం ముందు వేరే ప్రశ్న వేస్తాడు: ఏ వైండింగ్ పోయింది, ఎందుకు పోయింది?

ఈ విద్య మన ఊళ్లలో పొలాల పుణ్యమా అని పెరిగింది. వేసవిలో వోల్టేజి పడిపోయి బోరు మోటార్లు కాలిపోతే, పైరు ఎండకముందే తిరిగి చుట్టి ఇచ్చిన షాపులవి. మోటారు మళ్లీ కాలితే రైతు తిరిగి ఆ గడపే తొక్కుతాడు. అందుకే కారణం వెతకడం అక్కడ పనిలో భాగమైంది.

మెయిన్ ఆపి, కరెంటు లేదని టెస్టర్‌తో రూఢి చేసుకున్నాక, తీగలు విప్పి మల్టీమీటరు పెడతారు. ఇంత చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లో ప్రైమరీ, అంటే 230 వోల్టుల వైపు చుట్ట, పదుల ఓములు చూపాలి; 24 వోల్టుల వైపున్న సెకండరీ ఒక ఓము అటూఇటూ. ప్రైమరీ అసలేమీ చూపకపోతే టేపు కింద దాగిన థర్మల్ ఫ్యూజు పోయి ఉండొచ్చు. దాన్ని తీగతో కలిపేసి నడిపించేవాళ్లున్నారు. నీళ్ల పక్కన ఆ పని చేయడం క్షమించరానిది.

అసలు నేర్పు చుట్టను విప్పేటప్పుడు కనిపిస్తుంది. బాబిన్ మీద సాధారణంగా ప్రైమరీ లోపల, సెకండరీ పైన ఉంటాయి. పై చుట్లు నల్లబడి ఇనామిల్ రాలుతుంటే తప్పు 24 వోల్టుల వైపుది: ఏదో వాల్వు మోటారు బిగుసుకుంది, లేదా తీగలు వెళ్లే పైపులో నీరు చేరి అవి కలిశాయి. లోపలి ప్రైమరీ ఒక్కటే మాడితే అనుమానం సరఫరా మీదికి వెళ్తుంది. అమెరికా నుంచి వచ్చిన ప్యానెలైతే మరొకటి చూడాలి. 60 సైకిళ్లకే చేసిన ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే వోల్టేజిని మన 50 సైకిళ్ల మీద ఇస్తే కోర్‌లో అయస్కాంత ప్రవాహం 20 శాతం పెరుగుతుంది. లోడు తీసేసినా అది వేడెక్కుతూనే ఉంటుంది. అలాంటిదాన్ని ఎన్నిసార్లు మార్చినా మళ్లీ కాలుతుంది.

తిరిగి చుట్టాలంటే కోర్ రేకులైన స్టాంపింగులు ఊడదీసి, తీగ మందం కొలిచి, చుట్లు లెక్కపెడతారు. లెక్కకు అందనంతగా మాడితే కోర్ కొలతే ఆధారం. 50 సైకిళ్లకు, ఒక టెస్లా లెక్కన, 45ను కోర్ మధ్యకాలి వైశాల్యంతో (చదరపు సెంటీమీటర్లలో) భాగిస్తే వోల్టుకు ఎన్ని చుట్లో వస్తుంది. మధ్యకాలు అంగుళం చదరమైతే అది 6.45 చదరపు సెంటీమీటర్లు, అంటే వోల్టుకు 7 చుట్లు. 230కి 1,610, 24కు 168. లోడు మీద వోల్టేజి తగ్గుతుంది కనుక సెకండరీకి మరో ఎనిమిది కలుపుతారు. పొరల మధ్య కాగితం, ఆపైన వార్నిష్, ఆరబెట్టడం. వార్నిష్ పూర్తిగా ఆరకుండా బిగిస్తే లోపలి తేమ అక్కడే ఉండిపోతుంది.

చివరి పరీక్ష సీరీస్ బల్బు. సెకండరీకి ఏమీ తగిలించకుండా, ప్రైమరీకి వరుసలో ఒక పాతకాలపు 100 వాట్ల బల్బు పెట్టి కరెంటిస్తారు. బల్బు వెలగకపోయినా, మసకగా ఎర్రబారినా చుట్ట మంచిదే. భగ్గున వెలిగితే లోపల చుట్లు కలిశాయన్నమాట. ఆ తర్వాత 500 వోల్టుల మెగ్గర్‌తో ప్రైమరీకీ సెకండరీకీ, రెండింటికీ కోర్‌కూ మధ్య ఇన్సులేషన్ చూస్తారు. ఈతకొలను విషయంలో మనుషుల ప్రాణాలు ఆ ఇన్సులేషన్ మీదే ఆధారపడి ఉంటాయి.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నీటి అడుగున వెలిగే 12 వోల్టుల దీపాల ట్రాన్స్‌ఫార్మర్‌ను చుట్టించవద్దు, ధ్రువీకరణ ఉన్న కొత్తదే కొనండి. కంట్రోల్ ప్యానెల్‌దైనా అదే వోల్టేజి, అదే వీఏ, 50 సైకిళ్లకు తగిన కొత్తది దొరికితే అదే మేలు. దొరకనప్పుడు, మెగ్గర్ ఉన్న మేస్త్రీ దగ్గరికే వెళ్లండి. ఏ దారి పట్టినా కాలిన పాతదాన్ని తుక్కులో వేయకుండా ఆయనకు చూపించి, అది ఎందుకు కాలిందో తేలాకే కొత్తది బిగించమనండి.