పెద్ద చక్రం వెనక పార పట్టిన చెయ్యి

గ్రేట్ నార్తర్న్ రైల్వే కోసం ప్యాట్రిక్ స్టిర్లింగ్ 1870 నుంచి డాంకాస్టర్ కార్ఖానాలో కట్టించిన ఎక్స్‌ప్రెస్ ఇంజన్ల గురించి ఎవరు చెప్పినా ముందు చక్రం సంగతే ఎత్తుతారు. ఎనిమిదడుగుల పైచిలుకు ఎత్తు మరి! 1895 దాకా అలాంటివి 53 తయారయ్యాయి. నా ఓటు మాత్రం పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌కే.

బండి లండన్ నుంచి ఉత్తరానికి దూసుకుపోతుంటే, ఊగే ఇనుప పలకల మీద నిలదొక్కుకుని, మంట ఏ మూల పలచబడిందో కనిపెట్టి పారెడు బొగ్గు సరిగ్గా అక్కడికే విసరాలి. పొయ్యి తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చల్లగాలి చొరబడి ఆవిరి పడిపోతుంది. బొగ్గు మరీ ఎక్కువైతే గొట్టం నల్లటి పొగ కక్కి, పనివాడి తొందరపాటును దారిపొడవునా చాటుతుంది. మధ్యమధ్య బాయిలర్‌లో నీళ్లెంత ఉన్నాయో గాజు గొట్టంలో చూసుకుంటూ ఉండాలి.

డ్రైవరుదీ తేలిక పనేం కాదు. బండిని లాగేది ఒక్క జత చక్రాలే. తడి పట్టాల మీద ఇట్టే జారతాయి. ఇసుక వదులుతూ, ఆవిరిని కొద్దికొద్దిగా ఇస్తూ బండిని కదిలించాలి.

ఆ ఇంజన్లలో మొట్టమొదటిది, ఒకటో నంబరు ఇంజను, బ్రిటన్ జాతీయ రైల్వే మ్యూజియం సేకరణలో భద్రంగా ఉంది. ఎప్పుడైనా చూసే వీలు పడితే, చక్రంతో పాటు ఆ ఇద్దరూ నిలబడి పనిచేసిన ఇరుకు చోటు కూడా చూసి రండి.