దేవుడు పశ్చాత్తాపపడునా? – 1 సమూయేలు 15వ అధ్యాయముపై ఒక పరిశీలన

సౌలును రాజుగా చేసినందుకు దేవుడు పశ్చాత్తాపపడెనని 1 సమూయేలు 15:11, 35 వచనములు తెలుపుచున్నవి. ఆయన పశ్చాత్తాపపడడని అదే అధ్యాయము 29వ వచనము చెప్పుచున్నది. మూడు చోట్లను హెబ్రీలో ‘నాహమ్’ అను ఒకే క్రియ ఉన్నది. కాబట్టి ఈ భేదము తెలుగు అనువాదకులవలన కలిగినది కాదు.

మన ప్రసంగపీఠములలో దీనికి రెండు సమాధానములు వినబడుచున్నవి. పాత నిబంధన దేవుడు ఉగ్రుడు, క్రొత్త నిబంధన దేవుడు ప్రేమామయుడు అనునది మొదటిది. ఇది రెండవ శతాబ్దములో మార్సియోను చేసిన బోధకు దగ్గరగా నున్నది. రోమా సంఘము 144లో అతనిని వెలివేసెను. 29వ వచనమే అసలు సత్యము, 11వది కేవలము అలంకారము అనునది రెండవది. ఇది భక్తిగల మాటయే గాని, ఒకదానిని అలంకారమని త్రోసివేయుటకు అధ్యాయములో ఆధారము చూపదు.

హోషేయ 11:8-9 మనకు సహాయపడునని మా అభిప్రాయము. సమూయేలు గ్రంథములో దేవుడు నరుడు కాడు గనుక సౌలుపై తీర్పును మార్చడు. హోషేయలో ఆయన మనుష్యుడు కాడు గనుకనే ఎఫ్రాయిమును నాశనము చేయడు. అక్కడ ఆయన జాలిని తెలుపు పదము ‘నాహమ్’ ధాతువునుండి వచ్చినదే. కాబట్టి నరుడు కాడనగా హృదయము లేనివాడని అర్థము కాదు. మనుష్యులవలె మాట తప్పడు, పగ సాధింపడు అని అర్థము. సౌలునుగూర్చి దుఃఖించినవాడే తీర్పును నిలిపెను. తెలుగులో ‘పశ్చాత్తాపము’ పాపి మారుమనస్సుతో ముడిపడినందున ఆ దుఃఖము మనకు మరుగైనది. అయితే అదే అధ్యాయమందలి అమాలేకీయుల సంహారము మరింత కఠినమైన ప్రశ్న. ఈ వివరణ దానికి జవాబు కాదు.

ఇది కేవలము తరగతి గది చర్చ కాదు. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షములకు కోదాడలో ఇండ్లు జలమయమాయెను. నడిగూడెం మండలములో సాగర్ ఎడమకాలువకు గండిపడి పొలములు మునిగెను. అట్టి వేళ, దేవుడు మామీద కోపించెనా అని విశ్వాసి అడుగును. ఉగ్రుడైన దేవునినే ఎరిగిన కాపరి అతనిలో పాపము వెదకును. చలింపని దేవునినే ఎరిగిన కాపరి అంతా దైవచిత్తమని చెప్పి వెళ్లిపోవును. సిలోయము గోపురము కూలి చనిపోయిన 18 మంది ఇతరులకంటె ఎక్కువ అపరాధులు కారని ప్రభువు చెప్పెను (లూకా 13:4-5). అయినను మారుమనస్సుకు పిలుచుట మానలేదు. ఆయనే లాజరు సమాధియొద్ద కన్నీరు విడిచెను.

కాబట్టి ఈ అధ్యాయమును బోధించు కాపరులు 11, 29, 35 వచనములను ఒకే ఆరాధనలో చదివించి, మూడింటిని వివరింపవలెనని మా మనవి.