మైకు లేని కచేరీ

మా బాపు గోదావరిఖని బొగ్గుగని రెండో ఇంక్లయిన్‌లో మైనింగ్ సర్దార్. షిఫ్టు మొదలైందంటే ముందు రూఫ్ చూడాలి. కర్రతో బండను కొట్టి, రెండో అరచేయి దానికి ఆనించి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే బండ గట్టిది. బోలుగా మోగిందా, పైపొర విడిచినట్టే. సపోర్టు పెట్టేదాకా ఆ కిందికి మనిషిని పోనీయడు. "కొట్టుడు అందరికీ వస్తది బిడ్డా, ఇనుడే నేర్వాలె" అనేవాడు.

ముంబై ఎన్‌సీపీఏలోని జంషెడ్ భాభా థియేటర్‌లో కూర్చున్న సాయంత్రం ఆ మాటే గుర్తొచ్చింది. 2006లో పుట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా, బీథోవెన్ నాలుగో పియానో కన్సర్టో, అంటే సోలో పియానో ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే రచన. వేదిక నడుమ దాదాపు తొమ్మిది అడుగుల పియానో. 88 మెట్లు, లోపల రెండు వందలకు పైగా తీగలు. ఎక్కడా మైకు లేదు. మొదలుపెట్టే ముందు పియానో మీద ఒక్క స్వరం మోగించారు. మిగతా వాద్యాలన్నీ దానికే శృతి కలుపుకున్నాయి. పియానో శృతిని అప్పటికప్పుడు మార్చలేరు కదా!

ఆ కాలపు కన్సర్టోల్లో ముందు ఆర్కెస్ట్రా వాయించాకే సోలో వచ్చేది. ఇందులో పియానో ఒక్కటే, మెల్లగా, మాట మొదలుపెడుతుంది. రెండో భాగంలో తీగవాద్యాలన్నీ ఒక్క గొంతుతో గద్దిస్తాయి. పియానో గొంతు పెంచదు. అంతే నెమ్మదిగా బదులిస్తుంది. ఐదు నిమిషాలు గడిచేసరికి ఆ గద్దింపే అణిగి గుసగుస అవుతుంది. నా పక్కాయన దగ్గు ఆపుకోలేక రుమాలు నోట్లో కుక్కుకున్నాడు. నేనూ ఊపిరి బిగబట్టే ఉన్నాను.

1808 డిసెంబర్ 22న వియన్నాలో ఈ కన్సర్టోను బీథోవెనే వాయించాడు. అప్పటికే ఆయనకు వినికిడి తగ్గుతోంది. ఆర్కెస్ట్రాతో కలిసి కన్సర్టో వాయించడం ఆయనకు అదే ఆఖరు. చెవి పోతున్న మనిషి ఇంత మెల్లని స్వరం ఎట్లా పట్టుకున్నాడు? బండకు ఆనించిన బాపు అరచేయి నా కళ్లముందు మెదిలింది.

ఆ హాల్లో మైకే లేదు. మన దగ్గరేమో పెళ్లయినా, జాతరయినా బాక్సుల మోతే. ఒగ్గు కథకు కూడా మైకే. డోలూ తాళమూ గొంతూ ఉన్నచోట అదెందుకు? ఈసారి మీ కాలనీలో ఒగ్గు కథ పెట్టిస్తే ఒక్క గంట మైకు తీసేయించండి. పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. నాకూ కబురు పెట్టండి, వస్తాను.