చీకటి కథలు – యువ పాఠకులు

హైస్కూలు పైతరగతుల పిల్లలూ, కాలేజీ కుర్రవాళ్లూ దయ్యాల కథలూ, హత్యల కథలూ, లోకం నాశనమయ్యే కథలూ ఎగబడి చదువుతున్నారని పెద్దలు ఆందోళన పడుతూ వుంటారు. ఈ ఆందోళన కొత్తది కాదు. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ నవలలు చేతులు మారుతున్న రోజుల్లోనూ, 1980లలో క్షుద్రనవలలు వెల్లువెత్తినప్పుడూ ఇదే మాట వినిపించింది. ఇవాళ సుజానె కాలిన్స్ 2008లో ప్రచురించిన 'హంగర్ గేమ్స్' వంటి పుస్తకాల గురించి వినిపిస్తున్నది. పిల్లలచేత పిల్లలను చంపించి, దాన్ని వేడుకగా ప్రదర్శించే రాజ్యం కథ అది. అభ్యుదయవాదులమైన మనం కూడా తరచు ఈ పెద్దల గొంతునే అరువు తెచ్చుకుంటున్నాం. చీకటి మాని వెలుగు చూపమని రచయితకు సలహా ఇస్తున్నాం. ఆ సలహాలో సదుద్దేశం వున్నదిగాని, సాహిత్య విమర్శ లేదు.

ముందు ఈ ఆకర్షణ ఎక్కడిదో చూడాలి. భయపడటంలో ఒక సుఖం వున్నది. ప్రమాదం లేదని తెలిసినప్పుడు మాత్రమే వున్నది. హైదరాబాదు బయటి వలయ రహదారి దగ్గర, రావిర్యాలలో, 2016లో వండర్‌లా వినోదోద్యానం తెరిచారు. అక్కడ జనం డబ్బిచ్చి భయాన్ని కొనుక్కుంటారు. ఇనప పట్టాల మీద తలకిందులై కేకలు పెడతారు. ఒంటిని పట్టివుంచిన కడ్డీ ఊడదన్న నమ్మకం వుంది గనకనే ఆ కేకలో నవ్వు కలిసి వుంటుంది. కథలోని భయానికీ ఇదే సూత్రం: పుస్తకం మూస్తే ప్రమాదం ఆగిపోతుంది.

అయితే ఈ పోలిక ఇక్కడితో సరి. యంత్రం దిగిన విద్యార్థికి లోకాన్ని గురించి కొత్తగా తెలిసిందేమీ వుండదు. పుస్తకం దగ్గరికి అతను ఇంకొక అవసరంతో కూడా వస్తాడు. పద్నాలుగు, పదిహేనేళ్ల వయసులో మనిషి పెద్దలు చెప్పిన లోకానికీ, తాను చూస్తున్న లోకానికీ పొంతన లేదని కనిపెడతాడు. న్యాయం గెలుస్తుందన్నారు; తండ్రి అప్పులవాడి ముందు తలవంచటం చూశాడు. అందరూ సమానమన్నారు, స్నేహితుడి కులం అడిగి గుమ్మం బయటే నిలబెట్టటం చూశాడు. దాచిపెట్టినదేదో వున్నదని అతనికి తెలుసు. దాన్ని గురించి మాట్లాడే పుస్తకం కోసం వెతుకుతాడు. చీకటి కథ మీద అతని మోజు చాలా భాగం సత్యం మీద మోజే. కనుక విమర్శకుడు అడగవలసిన ప్రశ్న కథలో చీకటి ఎంత వున్నదన్నది కాదు. ఆ చీకటికి కారణం ఎక్కడ వున్నదని కథ చెబుతున్నది? దాని ముందు పాఠకుణ్ణి ఎలా నిలబెడుతున్నది?

ఈ గీటురాయి మీద 'చందమామ'ను చూద్దాం. 1947లో మొదలైన ఆ పత్రికకు 1952 నుంచి 1980లో మరణించేదాకా ప్రాణంగా పనిచేసిన కొడవటిగంటి కుటుంబరావు భౌతికవాది. ఆయన హయాంలోనే అందులో రాక్షసులూ మాంత్రికులూ కోకొల్లలుగా తిరిగారు. ఇందులో వైరుధ్యం వున్నదనుకునేవారు బేతాళ కథల నిర్మాణం చూడాలి. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం – ఇంతకు మించిన చీకటి ఏముంటుంది? కాని ఆ శవంలోని బేతాళుడు అడిగేది ఒక న్యాయ సంబంధమైన ప్రశ్న. జవాబు తెలిసి చెప్పకపోతే తల పగులుతుంది. చెబితే చేసిన శ్రమ వృథా అవుతుంది. అయినా విక్రమార్కుడు చెబుతాడు. భయం కథకు ద్వారం మాత్రమే. లోపల జరిగేది ఆలోచన. సంస్కృతంలోని 25 కథలు అయిపోయినా పత్రిక ఆ చట్రంలో కొత్త కథలు బిగించి దశాబ్దాల తరబడి నడపగలిగిందంటే, పిల్లలకు శవం కంటే ప్రశ్న ఎక్కువ నచ్చిందని గ్రహించాలి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం రాసిన సీరియల్సులోనూ భయంకర మాంత్రికులు వున్నారు. కాని వాళ్లను ఎదుర్కొనేది యువకుల సాహసం, స్నేహం, సమయస్ఫూర్తి.

ఇప్పుడు యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' తీసుకుందాం. 'ఆంధ్రభూమి' వారపత్రికలో ధారావాహికగా వచ్చి, యువతరాన్ని ఊపేసిన నవల ఇది. రచయిత నేర్పును కాదనలేం. పాఠకుడు పేజీ తిప్పక మానడు. చిన్నపిల్ల మీద జరిగే ప్రయోగం వెనక డబ్బు ఆశ వున్నదని కథే చెబుతుంది. ఇది నిజమైన చీకటి: ఆస్తి పసిపిల్ల ప్రాణాన్ని కూడా లెక్కచేయదు. కాని నవల ఆ దారిన నడవదు. డబ్బును పక్కకు నెట్టి కాష్మోరాను రంగం మధ్యకు తెస్తుంది. వైద్యాన్నీ మంత్రాన్నీ పక్కపక్కన నిలబెట్టి, రెంటికీ సమాన గౌరవమిస్తుంది. బేతాళుడు తీర్పు చెప్పమన్నాడు. ఈ నవల తీర్పును వాయిదా వేయమంటుంది. రంగనాయకమ్మ దీన్ని తీవ్రంగా ఖండించటానికి తగిన కారణం వున్నది.

ఇది ఉత్త సాహిత్య వివాదం కాదు. చేతబడి, బాణామతి చేశారన్న అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషులను చెట్టుకు కట్టి కొట్టారు, పళ్లూడగొట్టారు, చంపారు. పొరుగున మహారాష్ట్ర 2013లో, నరేంద్ర దభోల్కర్ హత్య తరువాత, ఇటువంటి దురాచారాల మీద చట్టం చేసింది. కర్ణాటక 2017లో చేసింది. చందమామ మాంత్రికుడు ఏ వూళ్లోనూ లేడు. అతని కథ చదివి ఎవరూ పొరుగువాణ్ణి అనుమానించరు. క్షుద్రనవల మంత్రగాణ్ణి మన కాలంలో, డాక్టర్లున్న పట్నంలో నిలబెడుతుంది. కల్పన ఎక్కువైనందుకు మన అభ్యంతరం లేదు. అది వాస్తవం వేషం కట్టినందుకే అభ్యంతరం.

మరి కారణం చూపే చీకటి తెలుగులో లేదా? వున్నది. 1940లలో వచ్చిన గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర' శ్మశానంలోనే ముగుస్తుంది. సీతారామారావు పతనంలో దయ్యం పాత్ర లేదు. వంశగౌరవమనే శవాన్ని అతను జీవితమంతా మోశాడు. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు'లో రాత్రి వుంది, అడవి వుంది, నెత్తురు వుంది. వాటి మధ్య నిలబడిన ఒక పేద ముసలివాడి పట్టుదల వుంది. ఈ నవలలు ఓదార్చవు. కాని చదివినవాడి కళ్లు తెరుస్తాయి.

లోపం మన దగ్గరే వున్నది. నేటి తెలుగు విద్యార్థి అసలు చీకటిని మనం ఎంతవరకు రాశాం? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. మార్కుల లెక్కలో జరిగిన తప్పుల మీద విచారణ సంఘం వేయవలసివచ్చింది. తెల్లవారకముందే మొదలయ్యే స్టడీ అవర్లు, తాళం వేసిన హాస్టలు గేటు, ర్యాంకును బట్టి విడదీసిన సెక్షన్లు, పిల్లవాడి ఫీజుకోసం అమ్ముడుపోయిన అరెకరం – ఏ మాంత్రికుడి గుహా ఇంత భయంకరం కాదు. దీనికి పేర్లున్నవి, కారణాలున్నవి, లాభం పొందేవాళ్లున్నారు. ఈ వస్తువును నవలగా మలచి పదహారేళ్లవాడి చేతిలో పెట్టటానికి మనం చేసిన కృషి చాలా తక్కువ. రాసినా, చివర ఉపన్యాసమిచ్చే ఆదర్శ ఉపాధ్యాయుణ్ణి ప్రవేశపెట్టి చేతులు దులుపుకుంటున్నాం. పాఠకుడు దాన్ని పక్కనపెట్టి క్షుద్రనవల తీస్తే తప్పు అతనిది కాదు.

ఉపాధ్యాయులు పిల్లల చేతిలోంచి పుస్తకం లాక్కోకూడదు. అతను చదివే భయానక కథనే తరగతిలో పెట్టి, ఇందులో కీడు ఎవరి వల్ల వచ్చింది, దానివల్ల ఎవరికి లాభం, ఎదిరించింది ఎవరు అని అడగాలి. ఆ అలవాటు పడినవాడు మంచి కథనూ నకిలీనీ తనే వేరుచేస్తాడు. రచయితల పని ఇంకా కష్టమైనది. తాళం వేసిన ఆ హాస్టలు గేటు లోపలికి వాళ్లు వెళ్లాలి. అక్కడ చూసింది తగ్గించకుండా, తీపి పూయకుండా రాయాలి. తాళం ఎవరి చేతిలో వున్నదో కూడా రాయాలి.